పరాయి ఇల్లు, సొంత సైకిలు

ఈ మధ్య ఇంగ్లీషులో ఒక కొత్త రకం యాత్రాసాహిత్యం బయలుదేరింది. దాని కథానాయకుడికి ఇల్లు లేదు. ఇల్లు లేదన్న చింతా లేదు. అతడు ఊరి నుంచి ఊరికి, దేశం నుంచి దేశానికి పోతూ వుంటాడు. ఎవరో ఇంటి యజమాని రెండు వారాలకో రెండు నెలలకో విహారయాత్రకు బయలుదేరితే ఆ ఇంట్లో దిగుతాడు. వారి కుక్కను పొద్దునా సాయంత్రం తిప్పుకొస్తాడు. పిల్లికి తిండి పెడతాడు. తోటకు నీళ్ళు పెడతాడు. వచ్చిన ఉత్తరాలు తీసి బల్ల మీద వుంచుతాడు. ఇందుకు అతనికి జీతం ముట్టదు. అతడు అద్దె చెల్లించడు. మిగిలిన పగలంతా సైకిలెక్కి చుట్టుపక్కల పల్లెలు, పొలాలు, కొండలు చూస్తాడు. రాత్రికి వచ్చి చూసినదంతా రాస్తాడు. దీనికి హౌస్ సిట్టింగ్ అని పేరు. తెలుగులో చెప్పాలంటే పరాయి ఇంటి కాపలా.

ఇంగ్లీషు పేరులో కాపలా అన్న అర్థం లేకపోవటం గమనించాలి. అతడు వూరికే కూర్చుంటాడట. కూర్చోవటం పని ఎట్లా అవుతుంది? పని కానప్పుడు కూలి ప్రసక్తి ఎందుకు వస్తుంది? పేరు పెట్టటంతోనే సగం వ్యవహారం ముగిసింది.

ఈ రచనలు ఎన్ని చదివినా వాటి సారం ఒక్కటే. ఆస్తి బంధనం, అద్దె దండుగ, ఆ రెండింటినీ వదిలించుకున్నవాడే స్వేచ్ఛాజీవి. అతనికి సొంత ఇల్లు లేదు గనుక లోకంలోని ఇళ్ళన్నీ అతనివే. సైకిలు వుంది గనుక దారులన్నీ అతనివే. ఈ తత్వాన్ని గురించే నా వివాదం. ఆ జీవితం గడుపుతున్న మనుషుల మీద నాకు కోపం లేదు. వారిలో చాలామంది అద్దెలు భరించలేక రోడ్డున పడ్డవారే. అవసరం కొద్దీ చేసేదానిని ఆదర్శంగా చిత్రించినప్పుడే విమర్శకుడికి పని పడుతుంది.

ఈ వివాదం నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మా కళాశాలలో చివరి సంవత్సరం చదివే ఒక విద్యార్థి ఇటువంటి రచన ఒకటి చదివి వచ్చాడు. తెలివైన కుర్రవాడు. మన సభలకు వస్తాడు, కరపత్రాలు పంచుతాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక ఇరుకు గదిలో అద్దెకుంటాడు. తండ్రి కౌలురైతు. "మాస్టారూ, సొంత ఆస్తి కూడదని మనవాళ్ళు అంటారు గదా. ఇదుగో, ఆస్తి లేకుండా హాయిగా బతుకుతున్న మనిషి. యూనియన్లు, వూరేగింపులు ఏమీ లేకుండానే అద్దె బాధ తప్పించుకున్నాడు. మనకెందుకు ఇది దారి కాకూడదు?" అని అడిగాడు. ఆ ప్రశ్నను నవ్వి తోసివేయటానికి వీల్లేదు. నెలనెలా అద్దె గడువు వచ్చేసరికి గుండె దడదడలాడే ప్రతి యువకుడి ప్రశ్న అది. అతనికి అప్పుడు నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. చాలినంత జవాబు ఇక్కడ చెప్పటానికి ప్రయత్నిస్తాను.

ముందుగా "అద్దె లేదు" అన్న మాట సంగతి చూద్దాం.

కుక్కను ఒక వసతిలో వదిలివెళితే యజమాని రోజుకింత చొప్పున రుసుము కట్టాలి. ఇంటికి కాపలా మనిషిని పెడితే కూలి ఇవ్వాలి. తోటమాలికి కూలి ఇవ్వాలి. ఈ మూడు పనులూ ఒక మనిషి చేసిపెట్టాడు. యజమానికి మిగిలిన ఆ డబ్బే అతడు కట్టిన అద్దె. నాణెంగా కట్టలేదు, శ్రమగా కట్టాడు. భూమి మీద వచ్చే కౌలుకు తొలిరూపం శ్రమరూపమేనని మార్క్స్ 'పెట్టుబడి' మూడవ సంపుటంలో వివరించాడు. రైతు వారంలో కొన్ని రోజులు తన చెక్కలోనూ, కొన్ని రోజులు దొర పొలంలోనూ పనిచేసేవాడు. ధనరూపపు కౌలు తర్వాత వచ్చింది. కాబట్టి మన కథానాయకుడు అద్దెను రద్దుచేయలేదు. దాని పాత రూపానికి తీసుకువెళ్ళాడు. దీన్ని నేను వెట్టి అనను. తెలంగాణాలో గడీల ముందు వెట్టి చేసిన జనానికి కాదనే హక్కు లేదు, కాదంటే వీపు మీద చర్మం వుండేది కాదు. ఇక్కడ మనిషి ఇష్టపడి వస్తున్నాడు, ఇష్టం లేకపోతే పోతాడు. అయితే ఇష్టపడి కట్టినా అద్దె అద్దే.

ఈ ఏర్పాటులో మూడవవాడు ఒకడున్నాడు. 2010లో ఇంగ్లండులో ఈ పని కోసమే ఒక కంపెనీ పుట్టింది. నేడు అనేక దేశాల్లో దాని వ్యాపారం సాగుతున్నది. ఇంటి యజమాని దానికి ఏడాది చందా కడతాడు. కాపలా వుండదలచినవాడూ చందా కడతాడు. ఇద్దరి మధ్యా డబ్బు మారదు. ఇద్దరి నుంచీ కంపెనీకి డబ్బు చేరుతుంది. మన పల్లెల్లో ముఠామేస్త్రీ కూలీలను పొలానికి తోలి, వారి కూలిలో వాటా తీసుకుంటాడు. వాడిని మనం దళారీ అని తిడతాం. కానీ వాడు కూలి ముట్టిన తర్వాతనే వాటా అడుగుతాడు. కూలే లేని పనికి, పని చేసేవాడి దగ్గరే, ముందుగా వాటా పుచ్చుకునే మేస్త్రీని మన పల్లెలు ఎరుగవు. ఇటువంటి వ్యాపారానికి ఆస్తిబంధనాల నుంచి విముక్తి అని పేరు పెట్టటం సాహిత్యం చేయదగిన పని కాదు.

పని కాదన్నవారికి రాజ్యమే జవాబు చెప్పింది. 2022లో ఒక ఆస్ట్రేలియా మహిళను అమెరికా విమానాశ్రయంలో అధికారులు ఆపివేశారు. ఇళ్ళకు, పిల్లులకు కాపలా వుండి అందుకు బదులుగా బస పొందటం పనిచేయటమే అవుతుందనీ, సందర్శకురాలిగా వచ్చినవారికి పనిచేసే అనుమతి లేదనీ ఆమెను వెనక్కు పంపారు. ఎంత చిత్రం! కూలి అడిగే చోట అది పని కాదు. సరిహద్దు దాటే చోట అది పని. పని చేసేవాడికి నష్టం కలిగే వైపుకే రెండు చోట్లా నిర్వచనం ఒరుగుతున్నది. ఒకే చేష్ట ఒకచోట స్నేహమూ మరొకచోట నేరమూ అవుతుంటే ఆ చేష్ట చేసేవాడిని స్వేచ్ఛాజీవి అనటం ఎట్లా? దేశమంటే లెక్కలేని లోకసంచారి కూడా పాసుపోర్టు బల్ల ముందు నిలబడి తన దేశం పేరు చెప్పక తప్పలేదు.

ఇక "ఇళ్ళన్నీ నావే" అన్న మాటకు వద్దాం. అవి ఖాళీగా ఎందుకున్నాయి?

సెలవుకు వెళ్ళినవారి ఇల్లు రెండు వారాలే ఖాళీగా వుంటుంది, దాన్ని గురించి గొడవెందుకని కొందరంటారు. నిజమే. ఆ ఒక్క ఇంటితో మనకు తగాదా లేదు. కానీ ఆ పక్కనే వున్న ఇళ్ళ మాట ఏమిటి? ఇంగ్లండులో ఆరు నెలలకు మించి ఖాళీగా పడివున్న ఇళ్ళు 2024 లెక్కల్లో రెండున్నర లక్షలకు పైనే తేలాయి. అదే దేశంలో సొంత గూడు లేక స్థానిక సంస్థలు చూపించిన తాత్కాలిక వసతుల్లో కాలం గడుపుతున్న కుటుంబాలు 2023 నాటికే లక్ష దాటాయి. వేల్సు పల్లెల్లో, సముద్రతీరాల్లో పట్నవాసుల రెండో ఇళ్ళు పెరిగిపోయి, అక్కడే పుట్టిన పిల్లలకు ఇల్లు కొనే శక్తి లేకుండా పోయింది. జనం ఆందోళన చేసిన మీదట అటువంటి ఇళ్ళ మీద మామూలు పన్నుకు అదనంగా 300 శాతం దాకా వేసుకునే అధికారాన్ని 2023 ఏప్రిల్ నుంచి అక్కడి స్థానిక సంస్థలకు ఇచ్చారు. మన యాత్రికుడు అటువంటి పల్లెలో సైకిలు ఆపి, "ఎంత ప్రశాంతంగా వుంది!" అని రాస్తాడు. ఆ ప్రశాంతి ఎక్కడ నుంచి వచ్చిందో అడగడు. పిల్లలు వలసపోయిన వూరికి ప్రశాంతి రాక మరేం వస్తుంది?

ఇది ఒక్క ఇంగ్లండు దుర్గతి కాదు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఖాళీగా వున్న ఇళ్ళు రెండు కోట్ల నలభై లక్షలకు పైగా లెక్కకు వచ్చాయి. ఏ కప్పూ లేక చెట్ల కిందా, వంతెనల కిందా, రోడ్ల పక్కనా పడుకున్నవారు 17 లక్షలకు పైగా వున్నారు. గుడిసెల్లో వున్నవారు ఈ లెక్కలో లేరు. పెద్ద పట్నాల్లో వున్న ఇళ్ళను సక్రమంగా పంచుకుంటే అప్పటికప్పుడు తీర్చగలిగినంత కొరత తీరుతుందని ఎంగెల్స్ 1872లోనే 'గృహ సమస్య'లో వాదించాడు. నూట యాభై ఏళ్ళ తర్వాత ఖాళీ ఇళ్ళూ, ఇళ్ళు లేని మనుషులూ రెండూ పెరిగాయి. కొత్తగా వచ్చింది ఒక్కటే: ఇల్లు లేనివాడి చేతనే ఇల్లున్నవాడి ఇంటికి కాపలా పెట్టించి, అది స్వేచ్ఛ అని వాడి చేతనే రాయించటం.

కాపలా అనగానే మన వూళ్ళు గుర్తుకొస్తాయి. కృష్ణా గుంటూరు ప్రాంతపు పల్లెల్లో రెండంతస్తుల మేడలు కట్టి తాళాలు వేసివున్న వీధులు చూడండి. పిల్లలు అమెరికాలో వున్నారు. తల్లిదండ్రులు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతున్నారు, లేదా కాలం చేశారు. ఇల్లు పాడుబడినట్టు కనిపించకుండా సందెవేళ దీపం వెలిగించటానికి, వాకిలి వూడ్చటానికి, కొబ్బరికాయలు లెక్కబెట్టి దింపించటానికి ఒక ముసలి జంటను పెడతారు. చాలాచోట్ల వారు ఆ ఇంటి పాత పాలేరు కుటుంబమే. కులం కూడా చెప్పుకోవాలి: దళితులో, అంతకంటే కొంచెం పైమెట్టున నిలబడ్డ పేదలో. వారికి గేటు తాళంచెవి వుంటుంది, హాలు తాళంచెవి వుండదు. వెనుక వసారాలో వంట, అక్కడే పడక. హైదరాబాదులో అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబం సెల్లారులో మెట్ల కింది గదిలో కాపురం వుంటుంది. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన ఆ మనిషి పంపు వేస్తాడు, కార్లు తుడుస్తాడు; అతని భార్య నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. గదికి అద్దె లేదు గనుక జీతం తగ్గించి ఇస్తారు.

వీరూ పరాయి ఇళ్ళకు కాపలా వున్నవారే. అద్దె కట్టనివారే. సొంత ఆస్తి లేనివారే. మరి వీరి జీవితాన్ని స్వేచ్ఛ అని ఎవరూ ఎందుకు రాయలేదు? వీరిలో ఒకరినైనా లోకసంచారి అని ఎవరైనా ఎందుకు పిలవలేదు? పనిలో తేడా లేదు. వర్గంలో తేడా వుంది, చర్మపు రంగులో, చదువులో, పాసుపోర్టులో తేడా వుంది. పశ్చిమదేశపు చదువరికి హాలు తాళంచెవి కూడా ఇస్తారు, సోఫాలో కూర్చోనిస్తారు, యజమాని పరుపు మీద పడుకోనిస్తారు. ఆ తాళంచెవిని చూసి అతడు తనను ఇంటివాడనుకుంటున్నాడు. మెట్ల కింద పడుకున్నవాడికి ఆ భ్రమ లేదు. భ్రమ లేకపోవటమే సంఘం పెట్టుకోవటానికి మొదటి మెట్టు. వాచ్‌మన్ యూనియన్ పెట్టుకోగలడు. కుక్కకూ పిల్లికీ నేను స్నేహితుణ్ణి, పనివాణ్ణి కాను అనుకునేవాడు ఎవరితో కలిసి ఏ యూనియన్ పెడతాడు?

ఇక సైకిలు. ఇక్కడ నేను ఆ రచయితలతో సగం దూరం కలిసి నడుస్తాను.

సైకిలు గొప్ప వాహనం. రైలు కిటికీ చూపించలేనిది, కారు అద్దం దాచిపెట్టేది సైకిలు చూపిస్తుంది. చమట పోసి ఎక్కిన మెట్ట ఎత్తు ఎంతో కాళ్ళకు తెలుస్తుంది. కానీ చూడగలగటం వేరు, చూడటం వేరు. ఇంగ్లండు పల్లెలను గురించి రాసే ప్రతివాడూ ఆ రాతిగోడలను, ముళ్ళకంచెలను పొగుడుతాడు. ఆ కంచెల్లో ఎన్నింటికో చరిత్ర వుంది. 1604కూ 1914కూ మధ్య ఆ దేశపు పార్లమెంటు ఐదువేల రెండువందలకు పైగా చట్టాలు చేసి, 68 లక్షల ఎకరాల వుమ్మడి భూములను, పచ్చికబయళ్ళను కంచెలు వేయించి ఆసాముల పరం చేసింది. ఆవును మేపుకునే చోటు పోయిన పల్లెజనం పట్నాల మిల్లుల్లో తేలారు. యాత్రికుడి కంటికి ఇంపుగా కనిపించే ఆ ఆకుపచ్చ గీతల్లో ఒక దోపిడీ దస్తావేజు వుంది. దాన్ని చదవలేనివాడు ఎంత చక్కని వర్ణన చేసినా గుడ్డి వర్ణనే.

ఆ పొలాల్లో మనుషులూ వున్నారు. 2019 నుంచి ఇంగ్లండు తోటల్లో స్ట్రాబెరీ పళ్ళు కోయటానికి, కూరలు కోయటానికి తాత్కాలిక అనుమతులతో విదేశీ కూలీలను రప్పిస్తున్నారు. కిర్గిజిస్తాను, ఉజ్బెకిస్తాను, నేపాలు వంటి దేశాల నుంచి వచ్చి, ఆరు నెలల గడువులో పనిచేసి వెళ్ళిపోతారు. తోటల పక్కనే బండి ఇళ్ళలో పడుకుంటారు. అందుకు వారి కూలిలో నుంచి అద్దె మినహాయిస్తారు. ఒకే పల్లెలో ఒకే వేసవిలో ఇద్దరు బయటివాళ్ళు. ఇద్దరికీ అక్కడ సొంత ఇల్లు లేదు. ఒకడు సైకిలు మీద పోతూ ఎర్రగా పండిన తోటను మెచ్చుకుంటున్నాడు. రెండవవాడు వంగి ఆ పండు కోస్తున్నాడు. మొదటివాడి పుస్తకంలో రెండవవాడు లేడు. ఉంటే తన స్వేచ్ఛ ఎవరి భుజాల మీద నిలిచిందో రాయవలసి వస్తుంది కాబోలు.

మన తెలుగులో తొలి యాత్రాగ్రంథం ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి మరుసటి ఏడు తిరిగి వచ్చారు. ఆయన అభ్యుదయవాది కాదు. కుంఫిణీ కొలువు చేసిన పెద్దమనిషి, పల్లకీలో వెళ్ళినవాడు. అయినా ఆ పుస్తకంలో ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో వుంటుంది, దారులెట్లా వున్నాయో వుంటుంది, పల్లకీ మోసిన బోయీల ప్రస్తావనా వుంటుంది. దాదాపు రెండువందల ఏళ్ళనాటి ఆ ఉద్యోగి తనను మోసినవారిని కాగితం మీద పెట్టాడు. స్వేచ్ఛ, సమానత అని పలికే నేటి సైకిలు యాత్రికుడు ఆ పాటి కూడా చేయడు.

"దారులన్నీ నావే" అంటున్నాడు గదా. ఆ దారులు ఎవరు తెరిచారు?

1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు పరిసరాల మిల్లు కార్మికులు, నిరుద్యోగులు, కుర్రకారు కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ కొండ మీదికి బారులు తీరి నడిచారు. ఆ కొండబయళ్ళు డెవన్‌షైర్ డ్యూకు వంటి ప్రభువులవి. ఏడాదిలో కొద్దిరోజుల పక్షుల వేట కోసం ఏడాది పొడుగునా జనానికి ప్రవేశం నిషేధించారు. నాయకుడు బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి 20 ఏళ్ళు. మోటారు మెకానిక్కు, యువ కమ్యూనిస్టు. రైల్వే స్టేషనులో పోలీసులు కాచుకుని వుంటారని తెలిసి అతడు సైకిలు మీద ఆ వూరు చేరుకున్నాడు. ఆ సైకిలు చరిత్రకు పనికివచ్చింది. వేటకాపలాదారులతో పెనుగులాట జరిగింది. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల వరకు శిక్షలు పడ్డాయి. ఆ తర్వాత 1949లో జాతీయవనాల చట్టం వచ్చింది. 1951లో ఆ కొండలే తొలి జాతీయవనంలో చేరాయి. 2000లో కొండల మీద, బయళ్ళ మీద కాలినడకన తిరిగే హక్కు చట్టమైంది. గుర్రపుదారుల మీద సైకిలు తొక్కే హక్కు 1968 చట్టంతో వచ్చింది. ఇన్ని జరిగినా 2000 నాటి చట్టం ఇంగ్లండు భూభాగంలో సుమారు ఎనిమిది శాతానికే వర్తిస్తుంది, అదీ నడిచేవారికే. పక్కనున్న స్కాట్లండు 2003లో చాలా భూముల మీద సైకిలుకు కూడా హక్కు ఇచ్చింది. అంటే దారులన్నీ అతనివి కావు. తెరిచివున్న దారులు అడిగి కొట్లాడినవారు సంపాదించిపెట్టినవి. మూసివున్నవి ఇంకా ప్రభువులవే.

అదే ఇంగ్లండులో సైకిలుకు మరో వారసత్వం వుంది. 1894లో బర్మింగ్‌హామ్‌లో కొందరు సోషలిస్టు యువకులు రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ నడిపే 'క్లారియన్' పత్రిక పేరు మీద సైకిలు సంఘం పెట్టుకున్నారు. ఆదివారం వస్తే పల్లెలకు తొక్కుకుంటూ పోయి, పత్రికలు పంచి, సభలు జరిపి వచ్చేవారు. దారిలో దిగటానికి ప్రభువుల ఇళ్ళు అడగలేదు. వుమ్మడిగా తమ ఇళ్ళు తాము ఏర్పరచుకున్నారు. లాంకషైరులో నెల్సన్ పట్నం దగ్గర నేతమిల్లుల కార్మికుల చొరవతో 1912లో కట్టిన క్లారియన్ హౌస్ ఈనాటికీ నిలిచివుంది. ఆదివారం నాడు నడిచివచ్చినవారికీ సైకిలు మీద వచ్చినవారికీ అక్కడ టీ పోస్తారు. యజమాని సెలవుకు వెళితే తప్ప తెరుచుకోని ఇల్లు ఒకటి, ఎవరూ యజమాని కాని ఇల్లు ఒకటి. రెండూ సైకిలు యాత్రికుడికి నీడనిచ్చాయి. నా విద్యార్థికి నేను చూపించదలచిన తేడా అదే. సొంత ఆస్తి లేకుండా బతకటమంటే ఇతరుల ఆస్తిలో ఒదిగి బతకటం కాదు. వుమ్మడి ఆస్తిని నిర్మించుకుని బతకటం.

మన దేశంలోనూ సైకిలు పనిముట్టుగా పనిచేసింది. పాలక్యాను, కల్లుకుండ, చీరల మూట, గడ్డిమోపు ఎక్కిన సైకిలునే మన పల్లె ఎరుగును. 1952లో రాజ్యసభలో అడుగుపెట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. ఆయన తన వాటాకు వచ్చిన పిత్రార్జితాన్ని ఉద్యమానికి ఇచ్చివేశారు. ఆయనా ఆస్తి వదులుకున్నవారే. కానీ వదులుకుని పరాయి భవంతిలో దిగలేదు, జనంలో దిగారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో వేలాదిమంది పేద స్త్రీలు, కూలీలు, క్వారీలో రాళ్ళు కొట్టేవారు సైకిలు నేర్చుకున్నారు. నీళ్ళు తెచ్చుకోవటానికి, సరుకు అమ్ముకోవటానికి, మగవాడి కోసం కాచుకోకుండా పొరుగూరు పోవటానికి. నవ్వినవారు నవ్వారు; వారు తొక్కారు. ఆ సైకిలు వారి ఇళ్ళలోని అధికారాన్ని కదిలించింది. ఒక యంత్రం వల్ల స్వేచ్ఛ వచ్చిందా లేదా అన్నదానికి కొలబద్ద ఇదే: అది ఎవరి అధికారాన్ని కదిలించింది?

ఇక్కడ ఒక మిత్రుడు రాహుల్ సాంకృత్యాయన్ పేరు ఎత్తుతాడని నాకు తెలుసు. సంచారాన్ని శాస్త్రం చేసి 'ఘుమక్కడ్ శాస్త్ర' రాసినవాడు మార్క్సిస్టే గదా, నీకెందుకు ఈ కంటగింపు అంటాడు. రాహుల్‌జీని నేను ఆ మిత్రుడి కంటే తక్కువగా గౌరవించను. సంచారి చేతిపని నేర్చుకోవాలని ఆయన చెప్పాడు. వూరికే ఇతరుల మీద పడి బతకమనలేదు. టిబెట్టు నుంచి కంచరగాడిదల మీద గ్రంథాలు మోసుకొచ్చి వాటిని దేశానికి ఇచ్చాడు. అదే మనిషి 1939లో బీహారులో అమ్వారీ రైతుల సత్యాగ్రహంలో ముందు నిలబడి, తల పగిలి రక్తం కారుతుండగా జైలుకు వెళ్ళాడు. తిరిగిన కాళ్ళే పొలంలో నిలబడ్డాయి. మన కొత్త యాత్రికుల కాళ్ళు ఎక్కడ నిలబడతాయి? గడువు తీరగానే తాళంచెవి ఇచ్చేసి తర్వాతి ఇంటికి పోవటమే వారి నియమం. ఒక వూళ్ళో అద్దెదారుల సంఘం పెట్టటానికి రెండు వారాలు చాలవు.

"ఎవరికీ హాని చేయని జీవితం గదా, మీకు పోయిందేమిటి?" అని మరొకరు అడుగుతారు. ఆ జీవితం హాని చేయకపోవచ్చు. ఆ సాహిత్యం చేస్తుంది. అద్దె పీడించే యువకుడికి రెండు దారులున్నాయి. పదిమందితో కలిసి అద్దెను అదుపు చేయమని, విద్యార్థి వసతిగృహాలు కట్టమని, ఖాళీ ఇళ్ళ లెక్క తీయమని అడగటం ఒకటి. ఒంటరిగా తప్పించుకుని వెళ్ళటం రెండవది. రెండవ దారిలో కొద్దిమందికే చోటుంది. అందరూ పరాయి ఇళ్ళలో కాపలాదారులైతే సొంత ఇళ్ళున్నవారెవరు? యజమాని వుంటేనే ఈ స్వేచ్ఛ వుంటుంది. యజమానుల సంఖ్య తగ్గి, ఇళ్ళు లేనివారి సంఖ్య పెరిగిన కొద్దీ ఈ చోటు కోసం పోటీ పెరుగుతుంది. కుక్కతో పాటు ఇంకా ఎన్ని పనులు చేసిపెడతామో చెప్పుకోవలసి వస్తుంది. సమూహం మొత్తానికి వర్తించని పరిష్కారాన్ని స్వేచ్ఛ అనకూడదు. అది అదృష్టం. అదృష్టాన్ని సిద్ధాంతంగా రాసినవాడు మిగిలినవారి దురదృష్టానికి వారినే బాధ్యుల్ని చేస్తాడు.

నా విద్యార్థి తండ్రి కౌలుకు చేసే పొలం కూడా పరాయిదే. ఆయన దాన్ని దున్నుతాడు, కాపాడతాడు, పండిస్తాడు. గడువు తీరితే వదిలిపెడతాడు. పొద్దున్నే సైకిలెక్కి ఆ పొలానికి వెళతాడు, వెళ్ళే దారిలో ప్రతి చెట్టూ ఆయనకు తెలుసు. ఆయనను ఎవరైనా స్వేచ్ఛాజీవి అంటే కొడుకే ముందుగా కోప్పడతాడు. దున్నేవాడికి భూమి కావాలని ఆ కొడుకు వూరేగింపులో అరిచాడు గదా. ఇంట్లో వుండేవాడికి ఇల్లు కావాలన్నది ఆ మాటకు కొనసాగింపే. పొలం విషయంలో తెలిసిన సత్యం ఇంటి విషయంలో, అందులోనూ ఆ ఇల్లు అందమైన సీమలో వుండి, గోడకు సైకిలు ఆనించి వున్నంత మాత్రాన, ఎందుకు మరుగునపడాలి?

విద్యార్థులు సైకిళ్ళెక్కి పల్లెలకు పోవాలి. తప్పక పోవాలి. తాళం వేసిన మేడలో దిగవద్దు, దాని వెనుక వసారాలో వంట చేసుకునే ముసలివాళ్ళ దగ్గర దిగండి. ఆ ఇంటి యజమాని ఎవరో, కౌలు ఎంతో, వాచ్‌మన్ జీతం ఎంతో, మూసిన దారి ఏదో రాసుకు రండి. ఆ రాతలు మన పత్రికల్లో అచ్చు కావాలి.